రాయ్‌పూర్ తెలుగు విద్యార్థులు – వైద్య విద్యా ద్వారములు

ప్రతి సంవత్సరము వేసవి ప్రవేశించు వేళకు మన ఉద్యోగుల నివాసములలో కొన్ని యిండ్ల దీపములు అర్ధరాత్రి దాటినను ఆరవు. ఆ దీపము క్రింద జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము ముందుంచుకొని ఒక బాలుడో, బాలికయో కూర్చుండి యుండును. తల్లి నడుమ నడుమ లేచి వచ్చి పాలో, మజ్జిగయో ఇచ్చి పోవుచుండును. ఆలస్యముగా ఇల్లు చేరిన తండ్రి చప్పుడు కాకుండ చెప్పులు విప్పుకొనును. ఇది మనలో ననేకులకు స్వానుభవమే. తరగతిలో ముందుండు పిల్లలను జూచి “డాక్టరు కావలెను” అని పెద్దలు దీవించుట మన యిండ్లలో చిరకాలపు వాడుక.

ఎన్ని మార్కులు వచ్చినవి, ఏ ర్యాంకు వచ్చినది అని అందరును అడుగుదురు. ఆ బిడ్డ వ్రాయు పరీక్ష ఎట్లు పుట్టినది, చేరగోరు కళాశాల ఈ నగరమునకు ఎప్పుడు వచ్చినది, తెలుగునాటికి వెలుపల పెరిగిన విద్యార్థికి ఏ తలుపు తెరచియుండెను, ఏ తలుపు మూసియుండెను అని అడుగువారు తక్కువ. ఈ వ్యాసమున ఆ చరిత్రను సంగ్రహముగా చెప్ప యత్నింతును. ప్రతిభ యున్నచోటనెల్ల వైద్య విద్య లభించలేదు. దూరమును, సరిహద్దులును, నియమములును దానిని ఎల్లప్పుడు నిర్ణయించుచు వచ్చినవి. ఈ సంగతి నెరిగిన విద్యార్థి గెలిచినపుడు అహంకరింపడనియు, ఓడినపుడు క్రుంగిపోడనియు నా నమ్మకము.

నాగపురపు దారి, విశాఖ దారి

బ్రిటిషువారి కాలమున రాయ్‌పూర్ మధ్యపరగణాలలోని ఛత్తీస్‌గఢ్ ప్రాంతమునకు ముఖ్యనగరము. ఆ పరగణాలకు రాజధాని నాగపురము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కొద్ది సంవత్సరములలోనే ఈ ప్రాంతమును ఒకవైపు నాగపురముతోను, మరియొకవైపు కలకత్తాతోను కలిపెను. ఆ రైల్వే కొలువులను ఆశ్రయించి తెలుగువారు పెక్కు స్టేషన్లకు తరలివెళ్లిరి. ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు మాట వినిపించుటకు రైల్వే ఒక ప్రధాన కారణము.

అయితే ఆనాడు రాయ్‌పూర్‌లో వైద్య కళాశాల లేదు. నాగపురమున 1914లో స్థాపింపబడిన రాబర్ట్‌సన్ వైద్య పాఠశాలయే ఈ పరగణాల విద్యార్థులకు దగ్గరి దిక్కు. అచ్చట చదివినవారికి లైసెన్షియేట్ యోగ్యతాపత్రము లభించెడిది గాని విశ్వవిద్యాలయ పట్టము లభించెడిది కాదు. పట్టము కోరినవారు దూరనగరములకు పోవలసి యుండెను. కలకత్తా, మద్రాసు నగరములలోని వైద్య కళాశాలలు రెండును 1835లో వెలసినవి. బొంబాయిలోని గ్రాంటు కళాశాల 1845లో వెలసినది. ఒక చిన్న ఉద్యోగి కుమారుడు అంత దూరమున నుండి అన్ని సంవత్సరములు చదువవలెనన్న తండ్రి జీతము చాలెడిది కాదు.

తెలుగునాటి స్థితియు అప్పట్లో ఇంతకంటె మేలుగా లేదు. హైదరాబాదులో 1846లోనే వైద్య పాఠశాల ఏర్పడి ఉర్దూ భాషలో బోధన సాగించెను. కాని కోస్తా జిల్లాల విద్యార్థికి మద్రాసే గతి. 1923 జూలై మాసమున విశాఖపట్టణమున వైద్య కళాశాల ప్రారంభమైన పిమ్మటనే ఆంధ్ర తీరమున పట్టపు స్థాయి వైద్య విద్య మొదలయ్యెను. మరి మూడు సంవత్సరములకు, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడెను.

విశాఖ కళాశాలకును రాయ్‌పూర్ తెలుగువారికిని సంబంధము కుదిర్చినది మరల రైలే. విజయనగరమునుండి పార్వతీపురము వరకు ముందే వేయబడిన దారిని పొడిగించి 1931లో రాయ్‌పూర్‌తో కలిపిరి. మధ్యపరగణాల సరకును విశాఖ రేవునకు చేర్చుట దాని ప్రధానోద్దేశము. విద్యార్థులను గూర్చి ఎవరును తలచియుండరు. ఐనను మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురము, బొబ్బిలి మీదుగా తెలుగు సీమకు తిన్నని బాట ఏర్పడెను. నేటికిని మనము పండుగలకు, పెండ్లిండ్లకు పోవుచున్నది ఆ బాటనే. ఇంటినుండి కళాశాలకు గల దూరము ఇట్లు కొంత తగ్గెను గాని, పరాయి పరగణా విద్యార్థి అను మాట మాత్రము తొలగలేదు.

ఒకే దినమున రెండు రాష్ట్రములు

స్వాతంత్ర్యమునకు పూర్వమే, 1946లో, భోర్ సంఘము తన నివేదికలో లైసెన్షియేట్ చదువులను విడనాడి దేశమంతటను ఒకే స్థాయి వైద్య పట్టముండవలెనని సూచించెను. 1947లో నాగపురమున వైద్య కళాశాల ఏర్పడెను. రాయ్‌పూర్ విద్యార్థికి పట్టపు చదువు ఒక రాత్రి ప్రయాణపు దూరమునకు వచ్చెను.

ఆ సౌకర్యము చిరకాలము నిలువలేదు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగెను. ఆ దినముననే ఆంధ్రప్రదేశ్ అవతరించెను. ఆ దినముననే నాగపురము బొంబాయి రాష్ట్రమున చేరెను. రాయ్‌పూర్ భోపాల్ రాజధానిగా గల క్రొత్త మధ్యప్రదేశ్‌లో నిలిచెను. తెలుగువారికి అది పర్వదినము. రాయ్‌పూర్‌లోని తెలుగు విద్యార్థికి మాత్రము ఆనాటినుండి నాగపురము పొరుగు రాష్ట్రము, విశాఖయు పొరుగు రాష్ట్రమే. స్వరాష్ట్రమున మిగిలినవి జబల్‌పూర్, భోపాల్, ఇండోర్, గ్వాలియర్ కళాశాలలు. వీనిలో జబల్‌పూర్, భోపాల్ కళాశాలలు 1955లో వెలసినవి.

ఈ కొరతను తీర్చినది 1963. ఆ సంవత్సరమున రాయ్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయ్యెను. అదియే నేడు పండిత జవాహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాలగా ప్రసిద్ధమైనది. మరుసటి యేడు రాయ్‌పూర్‌లో పండిత రవిశంకర్ శుక్లా పేర విశ్వవిద్యాలయము ఏర్పడెను. ఛత్తీస్‌గఢ్ బిడ్డ ఇంట భుజించి వైద్యము చదువుకొన వచ్చునన్న మాట అప్పుడే నిజమయ్యెను.

అదే 1963లో మన వంటి కుటుంబములకు సంబంధించిన మరియొక సంగతి జరిగెను. బదిలీలు గల కేంద్రప్రభుత్వోద్యోగుల పిల్లల చదువు చెడకుండుటకై కేంద్రీయ పాఠశాలల పథకము ఆరంభమయ్యెను. వీనినే పిదప కేంద్రీయ విద్యాలయములనిరి. తండ్రి ఏ ఊరికి పోయినను పాఠ్యపుస్తకము మారదు, బోధనభాష మారదు. ఈ మేలును మనము తరచు మరతుము. విజ్ఞానశాస్త్రమున మన పిల్లలకు గట్టి పునాది పడుటకు ఈ నిలకడ ఎంతయు తోడ్పడెను. దానికి మనము చెల్లించిన వెల యొకటి కలదు: ఇంట తెలుగు మాటాడు బిడ్డకు బడిలో తెలుగు చదువు కరవగుట.

ఏ నాటి బిడ్డలము?

పాఠశాల దేశమంతట ఒక్కటైనను కళాశాల ద్వారము రాష్ట్రమునకొక తీరుగనే యుండెను. ఇచ్చటనే మన కథలోని చిక్కు ముడి కలదు.

1969లోను, 1972లోను తెలుగునాట చెలరేగిన ఉద్యమముల పిమ్మట, వెనుకబడిన ప్రాంతముల విద్యార్థులకు న్యాయము జరుగవలెనని 1973లో రాజ్యాంగమును సవరించి 371-డి అధికరణమును చేర్చిరి. దాని ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు కళాశాలలలో అధికభాగము సీట్లను స్థానిక విద్యార్థులకు కేటాయించెను. స్థానికతను ప్రధానముగా నిర్ణయించునది విద్యార్థి వరుసగా చదివిన ప్రాంతము. ఉద్దేశము మంచిదే. ఆదిలాబాదు పల్లెలోని బిడ్డ, అనంతపురము కరవుసీమలోని బిడ్డ దానివలన మేలు పొందిరి. కాని మాతృభాష తెలుగైనను, తాతముత్తాతల ఊరు శ్రీకాకుళము జిల్లాలో నున్నను, రాయ్‌పూర్‌లో చదివిన విద్యార్థి అచ్చట స్థానికుడు కాజాలడు.

1984లో సర్వోన్నత న్యాయస్థానము ప్రదీప్ జైన్ వ్యాజ్యమున చరిత్రాత్మకమైన తీర్పు చెప్పెను. దేశమంతయు ఒక్కటియే కనుక వైద్య కళాశాలలలో కొన్ని సీట్లైనను నివాసముతో పనిలేక ప్రతిభను బట్టి ఇయ్యవలెనని దాని సారాంశము. తరువాత ఆ భాగము నూటికి 15గా స్థిరపడెను. దానికై 1988నుండి అఖిల భారత ప్రవేశ పరీక్ష జరుగజొచ్చెను. బదిలీ ఉద్యోగుల బిడ్డలకు ఇది గొప్ప ఆసరా. అయినను 371-డి కారణముగా ఆంధ్రప్రదేశ్ ఈ ఏర్పాటునకు వెలుపల నిలిచెను. కావున ఒక విచిత్రము సంభవించెను. ఆ పరీక్షలో ఉత్తీర్ణుడైన రాయ్‌పూర్ తెలుగు విద్యార్థి గుజరాతునకు పోవచ్చును, బెంగాలునకు పోవచ్చును, కేరళకు పోవచ్చును. ఆ పరీక్ష బలముతో విశాఖకుగాని, హైదరాబాదునకుగాని, గుంటూరునకుగాని పోజాలడు. తెలుగునాటి విద్యార్థులకును ఆ పరీక్ష ద్వారా ఇతర రాష్ట్రముల సీట్లు అందలేదు.

ఈ స్థితి సుమారు మూడు దశాబ్దములు సాగెను. 2013లో ‘నీట్’ అను ఏకైక పరీక్ష తొలిసారి జరిగెను. అదే యేట న్యాయస్థానము దానిని కొట్టివేసెను. 2016లో అది మరల ప్రాణము పోసికొని, 2017నుండి దేశమంతట స్థిరపడెను. తెలుగునాట 1980వ దశకమునుండి నడచిన ఎంసెట్ వైద్యప్రవేశ పరీక్ష అంతటితో ముగిసెను. 2018లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును తమ ప్రభుత్వ కళాశాలలలో నూటికి 15 సీట్లను అఖిల భారత భాగమునకు అప్పగించినవి. ఆనాటినుండియే రాయ్‌పూర్‌లో చదివిన తెలుగు బిడ్డ ఆ భాగమున విశాఖ కళాశాలను కోరుకొనగలుగుచున్నది. రైలుదారి పడిన 87 సంవత్సరములకు ఆ తలుపు ఈ విధముగా తెరచుకొనెను.

ఇంతలో రాయ్‌పూర్ కూడ మారెను. 2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడి రాయ్‌పూర్ రాజధాని యయ్యెను. 2012లో టాటిబంధ్‌లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అనగా ఎయిమ్స్, తొలి విద్యార్థులను చేర్చుకొనెను. 2020నుండి దాని ప్రవేశమును ‘నీట్’ ద్వారానే జరుగుచున్నది. ఆ సంస్థ సీట్లకు నీదే రాష్ట్రమని అడుగు నియమము లేదు. ఒకప్పుడు వైద్య విద్యకై ఊరు విడువవలసిన చోటికే నేడు దేశపు నలుమూలలనుండి విద్యార్థులు వచ్చుచున్నారు.

తలుపులు పెరిగినవి, తోపులాటయు పెరిగినది. 2024లో ‘నీట్’ వ్రాసినవారు 23 లక్షలకు పైబడిరి. ఎం.బి.బి.ఎస్. సీట్లు దేశమంతటను లక్షకు కొంచెము పైన మాత్రమే. అనగా ఇరువదిమందిలో ఇంచుమించు ఒక్కరికే సీటు. 720 మార్కులలో సగము జీవశాస్త్రమునకు, తక్కిన సగము భౌతిక రసాయనశాస్త్రములకు చెందును. ఒక్కొక్క మార్కు తేడాలో వేలకొలది విద్యార్థులు నిలిచియుందురు. ఇట్టి పరీక్షలో సీటు రానివానిని బుద్ధిహీనుడనుట లెక్క తెలియనివారి మాట.

దంతవైద్యము – చిన్నచూపు తగదు

వైద్యమున సీటు రాని పక్షమున దంతవైద్యము అని మనవారు నిట్టూర్చుట కలదు. ఈ చిన్నచూపునకు చరిత్రలో ఆధారము లేదు. భారతదేశమున తొలి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టరు ఆర్. అహ్మద్ స్థాపించెను. అమెరికాలో ఆ శాస్త్రము నభ్యసించి వచ్చి, స్వదేశమున దానికి ఇల్లు కట్టిన మహనీయుడాయన. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చి ఈ వృత్తికి గౌరవమును, క్రమమును కల్పించెను. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఆరంభమయ్యెను. రాయ్‌పూర్‌లో అట్టి కళాశాల 2003లో వచ్చెను.

ఈ శాస్త్రము ఎంత అవసరమో తెలియుటకు దూరము పోనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలోను, బస్తీలలోను ‘గుడాఖు’ అను పొగాకు ముద్దను పండ్లకును, చిగుళ్లకును రుద్దుకొను అలవాటు విస్తారముగా కలదు. దానిని పండ్లపొడివంటి దనుకొని వాడువారు పలువురు. మన ఉత్తరాంధ్రలో ‘అడ్డపొగ’ కలదు. చుట్టను నిప్పు గల వైపు నోటిలో నుంచుకొని త్రాగు ఈ అలవాటు ముఖ్యముగా స్త్రీలలో ప్రబలియుండెను. దానివలన అంగిలికి కలుగు వ్రణములను, కాన్సరును విశాఖ వైద్యులు చిరకాలము పరిశోధించిరి. డెన్మార్కు దేశపు దంతశాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్ తన సహచరులతో ఆంధ్ర పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి 1971లో ఫలితములను ప్రకటించెను. నాటినుండి అడ్డపొగ ప్రపంచ వైద్యగ్రంథములకెక్కినది. మన అమ్మమ్మల, నాయనమ్మల నోటిలోని మచ్చ ఒక శాస్త్రమునకు పాఠమయ్యెనన్నమాట.

నోటిలో తెల్లని మచ్చను, మానని పుండును మొదట చూడగలవాడు దంతవైద్యుడు. సకాలమున చూచినచో ప్రాణము దక్కును. శ్రీకాకుళమునుండి వచ్చిన తెలుగు కూలీ కుటుంబమును, రాయ్‌పూర్ బస్తీలోని ఛత్తీస్‌గఢీ కుటుంబమును ఇద్దరి భాషలోను పలుకరించి నోరు తెరిపింపగల దంతవైద్యుడు మన పిల్లలలోనుండి వచ్చినచో అంతకంటె కావలసినదేమి?

మార్కులకు అందని సంగతులు

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును మన విద్యార్థులు తప్పక చదువవలెను. ఆయన మెట్రిక్యులేషనును మూడవ ప్రయత్నమున గాని దాటలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుచు, స్వదేశోద్యమ ప్రభావమున ఖద్దరు ధరించుటచే శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. పర్యవసానముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతను పొందెను. కొంతకాలము మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట అమెరికా చేరెను. 1925లో ఫిస్కేతో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1940నుండి లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వమున జరిగిన కృషిచే ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణము, రక్తపు కాన్సరునకు వాడు మందులు లోకమునకు లభించెను. 1948లో ఆయన కీర్తిశేషుడయ్యెను. పరీక్షాధికారులు ఇచ్చిన చిన్న యోగ్యత ఆయన పనిని చిన్నదిగా చేయలేదు.

ఛత్తీస్‌గఢ్ చరిత్రయు ఈ పాఠమునే చెప్పుచున్నది. డల్లీ రాజ్‌హరా ఇనుపగనులలో పనిచేయు కార్మికులు తమ సొంత కష్టార్జితముతో 1983లో షహీద్ ఆసుపత్రిని తెరచిరి. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్నతవిద్య ముగించిన కొందరు వైద్యులు పెద్ద నగరముల ఆదాయమును విడిచి, బిలాస్‌పూర్ దగ్గరి గనియారీ గ్రామమున జన స్వాస్థ్య సహయోగ్ అను సంస్థను నెలకొల్పి గిరిజనులకు వైద్యము చేయుచు వచ్చిరి. మరియు, పట్టభద్రులైన వైద్యులు పల్లెలకు పోకుండుటచే, ఈ రాష్ట్రము 2001లో మూడేండ్ల వైద్యపు కోర్సునొకదానిని ఆరంభింపవలసి వచ్చెను. అది కొన్ని సంవత్సరములకే నిలిచిపోయెను. దానిని చదివినవారిని మాత్రము గ్రామీణ వైద్య సహాయకులుగా నియమించిరి. అత్యుత్తమ ర్యాంకులు సాధించినవారు వేలకొలది తయారగుచున్నను పల్లెలో ఆసుపత్రి గది ఖాళీగా నుండుట మన కాలపు లోపము. సీటు సంపాదించుటలో మనము చూపు పట్టుదలలో కొంతయైనను, ఆ సీటును దేనికి వినియోగింతుమను ఆలోచనలో చూపవలెను.

తల్లిదండ్రులకు, విద్యార్థులకు

పై చరిత్రవలన మూడు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది: నేటి విద్యార్థి ముందున్న ద్వారములు వానంతట అవి తెరచుకొనలేదు. రైలుదారి, 1963నాటి కళాశాల, కేంద్రీయ పాఠశాల, న్యాయస్థానపు తీర్పు, 2012నాటి ఎయిమ్స్ – ఇవన్నియు ప్రజల ధనముతోను, పెద్దల పోరాటముతోను వచ్చినవి. సీటు వచ్చిన బిడ్డ ఆ ఋణమును గుర్తింపవలెను. రెండవది: సీటు రాకపోవుట అవమానము కాదు. ఒక తరమున సరిహద్దు అడ్డుపడెను. ఈ తరమున సంఖ్య అడ్డుపడుచున్నది. ఫలితములు వెలువడిన దినమున బిడ్డ ముఖము చూచి తండ్రి పలుకు మొదటి మాట మీదనే ఎంతయో ఆధారపడియున్నది. “భోజనమునకు రమ్ము” అనుట అన్నిటికంటె మంచి మాట. మూడవది: మనము ఏ నాటి బిడ్డలమను ప్రశ్నకు నియమావళి చెప్పు జవాబు ఒకటి, జీవితము చెప్పు జవాబు మరియొకటి. ఛత్తీస్‌గఢ్ అన్నము తిని, తెలుగు మాటాడి పెరిగిన బిడ్డ రెండు నేలలకును చెందినది.

మన సంఘమున ఇదివరకే వైద్యులైనవారును, వైద్య విద్యార్థులును కలరు. వారు సెలవులలో ఒక సాయంకాలము చిన్న తరగతుల పిల్లలతో కూర్చుండి తమ అనుభవమును – గెలుపును, ఓటమిని కూడ – చెప్పినచో, వేలు పోసి కొను శిక్షణలో దొరకని ధైర్యము వారికి లభించును. ఆ మాటలు తెలుగున సాగినచో బడిలో దొరకని భాషయు కొంత దక్కును.

ఈ రాత్రియు మన నివాసములలో ఏదో ఒక ఇంట దీపము వెలుగుచునే యుండును. ఆ బిడ్డ కోరిన చదువు లభించుగాక. లభించిన చదువు ఈ ఊరి బస్తీలోని రోగికిని, మన సొంత పల్లెలోని రోగికిని ఉపయోగపడుగాక. లభింపని పక్షమున ఆ బిడ్డ మరుసటి ఉదయము తలయెత్తుకొని మనమధ్య నడచుగాక.